పాత ప్లేస్టేషన్‌కు చిప్ వేయించే ముందు: డిస్కు తాళం దేనిని అడ్డుకుంటుంది, దేనిని అడ్డుకోదు

పర్లాకిమిడి నుంచి ఒక సోదరుడు అడిగిన విషయం సంగ్రహంగా ఇది. ఓడలో ఉద్యోగం చేసిన మేనమామ తెచ్చిన అమెరికా మోడల్ ప్లేస్టేషన్ (సోనీ చేసిన ఆటల యంత్రం, అంటే కన్సోల్), ఎస్‌సీపీహెచ్-7501, వారి ఇంట్లో ఉంది. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో డిస్కుల పెట్టె తడిసింది. అసలు డిస్కులలో కొన్ని నల్లతెర మీద ప్లేస్టేషన్ గుర్తు వచ్చాక ఆగిపోతున్నాయి, కొన్నింటిని యంత్రం గుర్తించడమే లేదు, పాటల సీడీ మాత్రం బాగానే మోగుతోంది. స్నేహితుడు కంప్యూటర్‌లో రాసి ఇచ్చిన డిస్కు పెడితే "ప్లేస్టేషన్ సీడీ పెట్టండి" అనే సందేశం వస్తోంది. బరంపురంలో ఒక దుకాణదారుడు, యంత్రం లోపల తాళాన్ని దాటవేసే చిప్ వేస్తే అన్నీ ఆడతాయని చెప్పాడట. చిప్ వేయించాలా, అసలు ఆ డిస్కులో నకలు తీయడానికి వీలుకానిది ఏముంది అన్నవి వారి ప్రశ్నలు.

ఇప్పుడే చిప్ వేయించకండి. మీరు చెప్పిన లక్షణాలలో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. స్నేహితుడి డిస్కును యంత్రం తిరస్కరించడం, నకలు డిస్కులు ఆడకుండా సోనీ పెట్టిన తాళం చేసే పని. మీ అసలు డిస్కులు ఆగిపోవడానికీ తాళానికీ సంబంధం లేదు. అది చదవడంలో వచ్చిన లోపం. చిప్ మొదటిదానికి మాత్రమే సమాధానం చెబుతుంది. చదవలేని లేజరుకు చిప్ తోడు చేస్తే డబ్బు పోతుంది, ఆట మాత్రం ఉన్న చోటే ఆగుతుంది. బరంపురంలో ఏళ్లుగా ఇటువంటి పాత యంత్రాలు బాగుచేస్తున్నవాడిగా చెబుతున్నాను, చిప్ ఉండి కూడా ఆడని కన్సోళ్లు నా బల్ల మీదికి వచ్చినన్ని, చిప్ లేక ఆడనివి రాలేదు.

అన్నిటికంటే ముందు విద్యుత్తు సంగతి చూడాలి. మోడల్ సంఖ్యలో చివరి అంకె 1 అంటే ఉత్తర అమెరికా కోసం చేసినది, అంటే 120 వోల్టులకు తయారైనది. మన గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. మేనమామగారు వాడిన, వోల్టులను తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా పనిచేస్తోందో లేదో, బయటికి ఎన్ని వోల్టులు ఇస్తోందో మీటరుతో కొలిపించిన తరువాతే యంత్రాన్ని మళ్లీ వెలిగించండి. ఈ కన్సోల్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలు, కానీ లేకుండా మాత్రం కుదరదు.

ఇక తాళం విషయం. ఇది ఓపికగా అర్థం చేసుకోదగినది, ఎందుకంటే 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ఈ యంత్రం కోసం సోనీ ఎంచుకున్న పద్ధతి ఎంతో చక్కనిది. సీడీలో సమాచారమంతా లోపలి అంచు నుంచి బయటి అంచు వరకు చుట్టుకుంటూ పోయే ఒకే దారి మీద, గుంటలుగా ఉంటుంది. పక్కపక్కనున్న రెండు చుట్ల మధ్య దూరం 1.6 మైక్రాన్లు. 780 నానోమీటర్ల పరారుణ లేజరు ఆ దారి మీద నడవాలి. డిస్కు తిరుగుతున్నప్పుడు దారి కొద్దిగా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది కాబట్టి, లేజరు దారి మధ్య నుంచి ఎంత పక్కకు తప్పిందో డ్రైవు నిరంతరం కొలుస్తూ, లెన్సును ఆ మేరకు కదుపుతూ ఉంటుంది. ఈ సవరణ సంకేతం ఏ సీడీ ప్లేయరులోనైనా ఉంటుంది. సవరణ పూర్తయ్యాక దాని విలువను ఎవరూ దాచుకోరు, కంప్యూటరుకు పంపరు.

సోనీ ఇంజనీర్లు రహస్యాన్ని అక్కడ దాచారు. సోనీ అచ్చు వేయించిన ఆట డిస్కులలో, అన్నిటికంటే లోపల ఉండే మొదటి పట్టీలో, అంటే డిస్కు విషయసూచిక ఉండే చోట, దారి నునుపుగా సాగదు. అది సెకనుకు 22,050 సార్లు అతి సూక్ష్మంగా పక్కలకు ఊగుతూ ఉంటుంది, ఆ ఊగులోనే నాలుగు అక్షరాలు పొదిగి ఉంటాయి. జపాన్ డిస్కులో ఎస్‌సీఈఐ, అమెరికా డిస్కులో ఎస్‌సీఈఏ, ఐరోపా డిస్కులో ఎస్‌సీఈఈ. సెకనుకు 250 బిట్ల వేగంతో, అంటే ఒక్కో బిట్ 4 మిల్లీసెకన్లు తీసుకుంటూ, నాలుగు అక్షరాలు సెకనులో అయిదో వంతు కంటే తక్కువ సమయంలో వచ్చేస్తాయి. కన్సోల్‌లోని డ్రైవు నియంత్రించే చిప్ ఆ సవరణ సంకేతాన్ని గమనించి, తన దేశానికి సరిపోయే అక్షరాలు కనిపిస్తేనే ఆట సమాచారాన్ని చదవనిస్తుంది. కనిపించకపోతే ఆ డిస్కు పాటల సీడీగా తప్ప మరి దేనికీ పనికిరాదని తేల్చేస్తుంది.

దీనిని ఇంటి కంప్యూటర్ ఎందుకు నకలు తీయలేదో ఇప్పుడు తెలుస్తుంది. కంప్యూటర్‌లోని డ్రైవు అసలు డిస్కును చదివేటప్పుడు ఆ ఊగును అనుసరిస్తుంది గాని గుర్తుపెట్టుకోదు. గుంటలలోని సమాచారాన్ని మాత్రమే బయటికి ఇస్తుంది. రాసేటప్పుడు అడ్డంకి ఇంకా పెద్దది. ఖాళీ సీడీ-ఆర్ డిస్కులో ముందే ఫ్యాక్టరీలో అచ్చువేసిన గాడి ఒకటి ఉంటుంది, దానికి తనదైన ఊగు ఉంటుంది, రైటరు లేజరు ఆ గాడిని పట్టుకుని నడవాల్సిందే తప్ప పక్కకు ఊగుతూ కొత్త దారి గీయలేదు. మన బరంపురం పట్టుచీర అంచులోని గోపురాల వరుసను మగ్గం మీద నేస్తారు. అదే బొమ్మను మరో గుడ్డ మీద ఎంత చక్కగా అద్దినా నేత రాదు. ఆట ఫైళ్లలో ఒక్క బిట్ కూడా తేడా లేకుండా రాసిన డిస్కును మీ యంత్రం తిరస్కరించడానికి కారణం అదే.

అందుచేత ఈ తాళం నకలు తీయడాన్ని ఆపదు. డిస్కులోని ఆటనంతా మీ కంప్యూటర్ ఏ అభ్యంతరమూ లేకుండా చదువుకుంటుంది. డిస్కు ఎక్కడ అచ్చయిందో, ఏ దేశం కోసం అచ్చయిందో మాత్రమే తాళం అడుగుతుంది. ఈ తేడా మాటల గారడీ కాదు. 2005లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం, సోనీ దాఖలు చేసిన కేసులో, ఈ ఏర్పాటు అప్పటి వారి చట్టం నిర్వచించిన రక్షణ సాధనం కిందికి రాదని, కారణం అది నకలును అడ్డుకోకుండా, తీసిన నకలు ఆడకుండా మాత్రమే అడ్డుకుంటుందని తీర్పు ఇచ్చింది. డిస్కు అడుగున కనిపించే నలుపురంగే తాళమని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. ఆ నల్ల ప్లాస్టిక్ పరారుణ కాంతికి పారదర్శకమే, లేజరుకు దానితో పని లేదు.

ఈ జ్ఞానంతో మీ తెరను చదవండి. యంత్రం వెలిగించగానే వచ్చే తెల్లతెర కన్సోల్ లోపలి చిప్‌లో ఉన్నది, దానికి డిస్కుతో పని లేదు. తరువాతి నల్లతెర మీద వచ్చే గుర్తును యంత్రం డిస్కు తొలి సెక్టార్ల (సమాచారాన్ని విడగొట్టి ఉంచే చిన్న భాగాల) నుంచి చదువుకుంటుంది. ఆ నల్లతెర వచ్చిందంటే నాలుగు అక్షరాల పరీక్ష అప్పటికే ముగిసిందని, ఆ డిస్కు ఉత్తీర్ణమైందని అర్థం. కాబట్టి నల్లతెర తరువాత ఆగిపోయే మీ డిస్కుల విషయంలో తాళాన్ని అనుమానించడానికి ఏమీ లేదు. డిస్కు పెట్టినా పెట్టనట్టే మెమరీ కార్డు, సీడీ ప్లేయరు ఉన్న పట్టిక వస్తే, విషయసూచికనే చదవలేకపోయిందని అర్థం. "ప్లేస్టేషన్ సీడీ పెట్టండి" అన్న సందేశం మాత్రమే, డిస్కును చదివాను గాని అక్షరాలు దొరకలేదు అని చెబుతుంది. ఐరోపా అసలు డిస్కును మీ అమెరికా యంత్రంలో పెట్టినా ఇదే సందేశం వస్తుంది. పాటల సీడీ బాగా మోగుతోంది కదా, లేజరు బాగున్నట్టే కదా అని మీరు అనుకోవచ్చు. పాటలు ఒకటింతల వేగంతో చదవబడతాయి, చిన్న లోపాలను చెవి క్షమిస్తుంది. ఆటలు రెండింతల వేగంతో, సెకనుకు 300 కిలోబైట్ల చొప్పున రావాలి, ఆట ప్రోగ్రాములో ఒక్క బైటు తప్పినా క్షమాపణ ఉండదు. అలసిన లేజరు మొదటి పరీక్షలో నెగ్గి రెండో పరీక్షలో ఓడిపోవడం సర్వసాధారణం.

అయితే లోపం లేజరుదా, డిస్కులదా అన్నది తేల్చాలి. మన తీరప్రాంతపు తేమ, ఉప్పుగాలి డిస్కులకు మంచివి కావు. మీవి తుపానులో తడిశాయి కూడా. ప్రతి డిస్కునూ వెలుగుకు ఎదురుగా, ముద్రించిన వైపు నుంచి చూడండి. సూది మొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ అల్యూమినియం పొర తినేయబడిందని అర్థం, దానిని ఏ మరమ్మతూ తిరిగి తేదు. మధ్య రంధ్రం చుట్టూ సన్నని పగుళ్లున్నాయేమో ప్రత్యేకంగా చూడండి. విషయసూచికా, నాలుగు అక్షరాలూ రెండూ ఆ లోపలి పట్టీలోనే ఉన్నాయి కాబట్టి, అక్కడి పగులు బయటి అంచు మీది పెద్ద గీత కంటే ఎక్కువ హాని చేస్తుంది. ఒకవేళ అక్షరాలు మాత్రమే చెడి, మిగతా అంతా చదవగలిగేలా ఉంటే, నిజమైన సోనీ డిస్కును కూడా యంత్రం దొంగడిస్కుగా భావించే అవకాశం ఉంటుంది. బూజు మచ్చలుంటే గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడిచి, నీడలో ఆరబెట్టండి. చుట్టూ గుండ్రంగా తుడవకండి. దారి వెంబడి పడిన గీతను డ్రైవు సవరించుకోలేదు. టూత్‌పేస్టుతో రుద్దమని చెప్పేవారి మాట వినకండి.

శుభ్రమైన, చుక్కలూ పగుళ్లూ లేని డిస్కు కూడా ఆగిపోతే లేజరును చూడాలి. కన్సోల్ ప్లగ్గు తీసివేసి, లెన్సును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో నెమ్మదిగా తుడవండి. యంత్రం పనిచేస్తుండగా లెన్సులోకి ఎప్పుడూ చూడకండి. ఆ కాంతి కంటికి కనిపించదు, కనిపించకపోవడమే దాని ప్రమాదం. తరువాత లేజరు జారే కడ్డీ మీద ఎండిపోయి జిగురుగా మారిన పాత గ్రీజును తీసి, ప్లాస్టిక్‌కు హాని చేయని కొత్త గ్రీజు పలచగా రాయండి. తొలి మోడళ్లలో లేజరు బండి కూడా ప్లాస్టిక్‌దే, పైగా పవర్ సప్లైకి దగ్గరగా ఉండి వేడెక్కి అరిగేది. ఆ రోజుల్లో కన్సోల్‌ను తలకిందులుగా పెట్టి ఆడిన పిల్లలందరికీ కారణం అదే. మీ 7501లో ఆ లోపం సరిదిద్దబడింది, లేజరు స్థానమూ మారింది, కాబట్టి తిరగేయవలసిన అవసరం రాకూడదు.

శుభ్రం చేసినా ఫలితం లేకపోతే లేజరు యూనిట్ మార్చడమే మేలు. మీ మోడల్‌కు సరిపోయేది కేఎస్‌ఎం-440బీఏఎం. విశాఖపట్నంలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా కొనేటప్పుడు ఈ అక్షరాలన్నీ సరిచూసుకోండి, ఎందుకంటే 440 శ్రేణిలో వేరే రకాలు కూడా ఉన్నాయి, అవన్నీ ఒకటి కావు. కొత్త యూనిట్‌లో స్థిరవిద్యుత్తు నుంచి రక్షణ కోసం రెండు బిందువులను కలుపుతూ చిన్న సోల్డర్ చుక్క ఉంటుంది. బిగించాక దానిని తీసివేయకపోతే లేజరు వెలగనే వెలగదు. కొత్త యూనిట్ కూడా చెడ్డదేనని తిరిగి ఇచ్చేసినవారిని చూశాను. లేజరు యూనిట్ మీద ఉండే చిన్న తిప్పుడు మరను ముట్టుకోవద్దు. దానిని తిప్పి లేజరు బలం పెంచితే డిస్కులు కొంతకాలం ఆడతాయి, కానీ లేజరు ఆయుష్షు వేగంగా కరిగిపోతుంది. ఈ పనిని మరమ్మతు అని పిలవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు చిప్ సంగతి. చిప్ అంటే అతి చిన్న మైక్రోకంట్రోలర్, ఒక పని కోసం ప్రోగ్రాము రాసిన బుల్లి కంప్యూటర్. అది డిస్కును చదవదు, లేజరుకు సాయం చేయదు. డ్రైవు నియంత్రణ చిప్ సవరణ సంకేతంలో వెతుకుతున్న నాలుగు అక్షరాలను, ఆ సంకేతం వచ్చే తీగె మీదికి తానే అదే 4 మిల్లీసెకన్ల లయలో పంపిస్తుంది. 1990ల తొలి చిప్‌లు యంత్రం వెలిగి ఉన్నంతసేపూ అవే అక్షరాలు వల్లిస్తూ ఉండేవి. ఆట తయారీదారులు దీనిని పట్టుకున్నారు. అసలు డిస్కులో ఆ అక్షరాలు లోపలి పట్టీలోనే ఉండాలి. ఆట మధ్యలో, డిస్కు వేరే చోట చదువుతుండగా కూడా అవి వినిపిస్తే చిప్ ఉన్నట్టే. అలా కనిపెట్టి ఆగిపోయే ఆటలు దశాబ్దం చివరలో వచ్చాయి, దానికి జవాబుగా పరీక్ష ముగియగానే నోరు మూసుకునే చిప్‌లు వచ్చాయి. కొందరు తయారీదారులు తాళాన్ని నమ్మడం మానేసి, ఆట లోపలే తనిఖీలు పెట్టారు. 2000లో వచ్చిన 'స్పైరో: ఇయర్ ఆఫ్ ది డ్రాగన్' ఆటలో తనిఖీలు ఒకదానినొకటి కాపలా కాస్తూ పొరలు పొరలుగా ఉంటాయి, దానిని పూర్తిగా ఛేదించడానికి రెండు నెలలకు పైగా పట్టింది. శాశ్వతంగా ఆపలేమని తెలిసి, అమ్మకాలు ఎక్కువగా ఉండే తొలి వారాలను కాపాడుకోవడమే వారి లక్ష్యం. ఈ రంగంలో నేను గౌరవించే పని అది.

కాబట్టి మరమ్మతు ముగిశాక, మీ సొంత డిస్కుల నకళ్లతో ఆడుకోవాలని అనిపించినప్పుడు చిప్ గురించి ఆలోచించండి. అప్పుడు కూడా సోల్డరింగ్ అవసరం లేని దారి మీకు ఉంది. అమెరికా, ఐరోపా యంత్రాల డ్రైవు చిప్‌లో, ఒక ప్రత్యేక ఆదేశాల వరుస పంపితే అక్షరాల పరీక్ష లేకుండానే డిస్కును అంగీకరించే రహస్య ద్వారం ఉంది. జపాన్ యంత్రాలలో అది తెరుచుకోదు. 2021లో వచ్చిన, మెమరీ కార్డు మీద రాసే ఫ్రీపీఎస్ఎక్స్‌బూట్ అనే ప్రోగ్రాము, మెమరీ కార్డు పట్టికను కన్సోల్ చదివే తీరులోని లోపాన్ని వాడుకుని, టోనీహ్యాక్స్ అనే ప్రోగ్రామును నడిపిస్తుంది. అది ఆ ద్వారాన్ని తెరుస్తుంది. దీనికి కావలసినది ఒక మెమరీ కార్డు, దాని మీద రాయడానికి ఆర్డ్యుయినో బోర్డు (కంప్యూటరుకు తగిలించి ప్రోగ్రాము చేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) లేదా తెలిసినవారి ప్లేస్టేషన్ 2. ఆ కార్డును ఈ పనికే కేటాయించి, మీ పాత ఆటల సేవ్‌లను వేరే కార్డులో ఉంచుకోండి. ఇరవై ఏళ్లు దాటిన మదర్‌బోర్డు మీద కొత్త చేతులతో తీగెలు అతికించడం కంటే ఇది ఎంతో క్షేమం, కార్డు తీసివేస్తే యంత్రం మేనమామగారు తెచ్చినప్పుడు ఉన్నట్టే ఉంటుంది.

చట్టం విషయంలో మన దేశపు మాట స్పష్టంగా తెలుసుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును దాటవేస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. ఆ సెక్షన్‌లో బరువంతా ఉద్దేశం అన్న మాట మీదే ఉంది. అదే చట్టంలోని 52వ సెక్షన్, కంప్యూటర్ ప్రోగ్రామును న్యాయంగా కలిగి ఉన్నవారు అది పోకుండా, చెడిపోకుండా రక్షణ కోసం నకలు ఉంచుకోవడానికి అనుమతి ఇస్తోంది. తడిసిన మీ సొంత డిస్కుల నకలు తీసుకోవడం ఒక పని, స్నేహితుడు ఇచ్చిన డిస్కుతో ఆడటం మరో పని. రెండో దానికి నేను సాయం చేయను.

మీ డిస్కుల నకలు తీసే పనిని మాత్రం లేజరు మరమ్మతు కోసం ఆపకండి. అల్యూమినియం పొర తినడం మొదలైతే ఆగదు. కంప్యూటర్ డ్రైవు మీ కన్సోల్ లేజరు కంటే చాలా సందర్భాలలో మెరుగ్గా చదువుతుంది. ఇమ్‌గ్‌బర్న్ వంటి ఉచిత ప్రోగ్రాముతో, ఐఎస్ఓగా కాకుండా బిన్, క్యూ ఫైళ్ల జంటగా తీయండి. ఒక్కో సెక్టారులోని 2352 బైట్లనూ పూర్తిగా తీసుకోవాలి. ఐఎస్ఓ రూపం 2048 బైట్లు మాత్రమే ఉంచుకుంటుంది, ఆటలోని వీడియోలూ, విడి ట్రాకులుగా ఉన్న పాటలూ దానిలో నిలవవు. ఐరోపా ఆటలలో కొన్నింటికి లిబ్‌క్రిప్ట్ అనే రెండో తాళం ఉంది. అది కొన్ని సెక్టార్ల పక్కన నడిచే ఉపసమాచారాన్ని కావాలని చెడగొట్టి, ఆ చెడులోనే 16 బిట్ల తాళంచెవిని దాస్తుంది, మామూలు నకలులో అది పోతుంది. మీవి అమెరికా డిస్కులు కాబట్టి మీకు ఆ బాధ లేదు. తీసిన నకలును తిరిగి డిస్కు మీద రాయాలనుకుంటే సీడీ-ఆర్ వాడండి. సీడీ-ఆర్‌డబ్ల్యూ వెనక్కి పంపే కాంతి అచ్చు డిస్కుతో పోలిస్తే బాగా తక్కువ, ఈ కాలపు లేజరుకు అది చాలదు. చదివేటప్పుడు ఏ డిస్కు ఏ సెక్టారు దగ్గర తప్పు చూపిందో ప్రోగ్రాము రాసి పెడుతుంది. ఆ వివరంతో పాటు, అదే డిస్కు కన్సోల్‌లో ఏ తెర దగ్గర ఆగుతోందో కూడా రాసి పంపితే, లేజరు మార్చాలా, డిస్కు మీద ఆశ వదులుకోవాలా అన్నది ఒక్కో డిస్కు వారీగా చెప్పగలను.